బాన్ఫ్‌లో ఉద్యోగం, గది, ఎలుగుబంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలో చదువు అయిపోయి వర్క్ పర్మిట్ చేతికి రాగానే మనవాళ్ళలో చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది. ఈ బేస్‌మెంట్లో ఆరుగురితో సర్దుకుని పడి ఉండే బదులు, ఆ రాకీ కొండల్లో ఏదో ఒక హోటల్లో చేస్తే పోలా అని. నేనూ అలాగే వచ్చాను. రెండేళ్ళు హౌస్‌కీపింగ్, తర్వాత ఫ్రంట్ డెస్క్. అప్పటి నుంచి వారానికి ఇద్దరు ముగ్గురు ఇవే ప్రశ్నలు అడుగుతుంటే, ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్‌లు పెట్టలేక ఇలా రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. వీసా రూల్స్ మాత్రం తరచూ మారతాయి కాబట్టి అప్లై చేసే రోజు ప్రభుత్వ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

## రాకముందు

అసలు బాన్ఫ్ అంటే ఊరా, పార్కా?

రెండూ. 1885లో మొదలైన కెనడా తొలి నేషనల్ పార్క్ ఇది, 6,641 చదరపు కిలోమీటర్లు. దాని లోపల ఎనిమిది వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరి పేరు కూడా బాన్ఫే. అల్బర్టా రాష్ట్రంలో, కాల్గరీ నుంచి సుమారు 130 కిలోమీటర్లు, ఎత్తు 1,383 మీటర్లు, అంటే మన అరకు కంటే ఎత్తు. ఊళ్ళో బ్యాంకు, బడి, ఆసుపత్రి, సూపర్ మార్కెట్ అన్నీ ఉన్నాయి. కానీ భూమి మాత్రం కేంద్ర ప్రభుత్వానిది, ఇళ్ళూ హోటళ్ళూ లీజు మీద కట్టుకున్నవే. ఇక్కడ విచిత్రంగా అనిపించే రూల్స్ చాలావరకు దీంట్లోంచే పుట్టాయి.

నాది రిమోట్ సాఫ్ట్‌వేర్ జాబ్. బాన్ఫ్‌లో ఇల్లు అద్దెకి తీసుకుని హాయిగా ఉండొచ్చా?

కుదరదు. ఎంత అద్దె ఇస్తామన్నా కుదరదు. పార్కులో నివాసం ఉండాలంటే అక్కడ ఉండాల్సిన అవసరం ఉందని చూపించాలి. అంటే మీ ప్రధాన ఉద్యోగం పార్కు లోపలే ఉండాలి, లేదా పార్కులో మీరే వ్యాపారం నడపాలి, లేదా అలాంటి వాళ్ళకి భార్యో భర్తో పిల్లలో అయి ఉండాలి. ఇంకొన్ని కేటగిరీలు ఉన్నాయి గానీ టొరంటో కంపెనీకి లాప్‌టాప్‌లో పనిచేసేవాళ్ళు వాటిలోకి రారు. డబ్బున్నవాళ్ళు ఊరంతా కొనేసి వేసవి విడిదిగా మార్చేస్తే ఇక్కడ పనిచేసేవాళ్ళకి చోటుండదని పెట్టిన నియమం ఇది, నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది. మీకు కొండలే కావాలంటే పార్కు గేటు దాటగానే కాన్‌మోర్ ఉంది, అక్కడ ఈ రూల్ లేదు, అద్దెలు మాత్రం కళ్ళు తిరిగేలా ఉంటాయి.

ఇండియా నుంచి నేరుగా రావచ్చా? ఏజెంట్ బాన్ఫ్ హోటల్లో జాబ్ ఖాయం అంటున్నాడు, పదిహేను లక్షలు అడుగుతున్నాడు.

ముందు ఫోన్ పెట్టేయండి. ఉద్యోగం ఇప్పించినందుకు వర్కర్ దగ్గర ఫీజు తీసుకోవడం అల్బర్టాలో చట్టవిరుద్ధం. విదేశీ వర్కర్‌ని తెచ్చుకోవడానికి యజమాని తీసుకునే అనుమతిని ఎల్‌ఎంఐఏ అంటారు, దాని ఫీజు 1,000 డాలర్లు, అది యజమానే కట్టాలి, మీ దగ్గర వసూలు చేయకూడదు. మీతో పనిచేసే ఆస్ట్రేలియా, జపాన్ పిల్లలు చాలామంది వర్కింగ్ హాలిడే వీసా మీద వస్తారు, ఆ ఒప్పందం ఉన్న దేశాల జాబితాలో ఇండియా లేదు. నేను ఇక్కడ చూసిన తెలుగువాళ్ళలో దాదాపు అందరూ కెనడాలో చదివి పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు, లేదంటే వాళ్ళ భార్యలో భర్తలో. ఎల్‌ఎంఐఏ మీద నేరుగా వచ్చినవాళ్ళూ ఉన్నారు, ఎక్కువగా వంట పని తెలిసినవాళ్ళు, అయితే వాళ్ళని హోటలే వెతుక్కుని తెచ్చుకుంది.

కాల్గరీలో చదువుతున్నాను. వేసవి సెలవుల్లో వచ్చి ఫుల్ టైం చేయొచ్చా?

మీ స్టడీ పర్మిట్ మీద క్యాంపస్ బయట పనిచేసే అనుమతి ఉండి, కాలేజీ క్యాలెండర్‌లో అది అధికారిక సెలవు అయ్యి, సెలవుకి ముందూ తర్వాతా మీరు ఫుల్ టైం స్టూడెంట్ అయితే చేయొచ్చు. క్లాసులు జరిగే రోజుల్లో మాత్రం వారానికి 24 గంటలే. సెప్టెంబర్ మొదటి వారం ఇక్కడ హోటళ్ళకి ఇంకా పీక్ సీజనే. ఇంకో పది రోజులు ఉండమని మేనేజర్ బతిమాలతాడు. ఉండకండి.

ఏ నెలలో అప్లై చేస్తే దొరుకుతుంది?

వేసవికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య, చలికాలం స్కీ సీజన్‌కి సెప్టెంబర్, అక్టోబర్‌లో. ఇంటర్వ్యూలో జీతం గురించి అడగడానికి మొహమాటపడేవాళ్ళు కూడా ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: నవంబర్‌లోనూ ఏప్రిల్‌లోనూ వారానికి ఎన్ని గంటలు ఇస్తారు? వేసవి జనం పోయి స్కీ జనం రాకముందు ఒకసారి, స్కీ జనం పోయి వేసవి జనం రాకముందు ఒకసారి ఊరు ఖాళీ అవుతుంది. 40 గంటలు చేసినవాడికి 18 గంటలే దొరుకుతాయి, గది అద్దె మాత్రం అంతే ఉంటుంది.

సామాన్లలో ఏం పెట్టుకోవాలి?

ఇండియా నుంచి స్వెటర్లు మోసుకురాకండి, ఇక్కడి చలికి అవి ఆగవు. బూట్లు, జాకెట్ ఇక్కడే సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి, సీజన్ అయ్యాక వెళ్ళిపోయేవాళ్ళు దాదాపు ఊరికే ఇచ్చేస్తారు. చిన్న ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి. 1,383 మీటర్ల ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో కందిపప్పు పెడితే గంట గడిచినా పలుకుగానే ఉంటుంది. నేను మొదటి వారం పప్పు పాతదేమో అని రెండు ప్యాకెట్లు మార్చాను.

## గది, వంట

ముందు రూమ్ చూసుకోవాలా, ఉద్యోగం చూసుకోవాలా?

రూమ్ ఇచ్చే ఉద్యోగం చూసుకోవాలి. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. బాన్ఫ్‌లో బయట గది దొరకడం గగనం, ఖాళీ ఇళ్ళు దాదాపు ఉండవు, ఒకటి ఖాళీ అయితే సాయంత్రానికల్లా పోతుంది. అందుకే హోటళ్ళు స్టాఫ్ అకామడేషన్ ఇస్తాయి, దాని అద్దె జీతంలోంచి కోసుకుంటాయి. గంటకి రెండు డాలర్లు ఎక్కువిచ్చి రూమ్ ఇవ్వని ఉద్యోగం కంటే, తక్కువిచ్చి రూమ్ ఇచ్చేదే నయం. ఆఫర్ లెటర్ వచ్చాక ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి: రోజుకి అద్దె ఎంత, గదిలో ఎంతమంది, కిచెన్ ఉందా, ఉద్యోగం మానేస్తే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి. నేను మొదటి ఉద్యోగంలో నాలుగోది అడగలేదు.

అడగకపోతే ఏమైంది?

నడుం నొప్పితో ఆ హోటల్లో మానేస్తానని చెప్పాను. రెండు వారాలు నోటీసు ఇచ్చి, ఆఖరి షిఫ్ట్ అయ్యాక నింపాదిగా వేరే చోట చూసుకుందామనుకున్నాను. ఆఖరి షిఫ్ట్ తర్వాత 48 గంటల్లో తాళం ఇచ్చేయాలని నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉందట. అది జూలై నెల, ఊళ్ళో హాస్టల్ బెడ్ కూడా లేదు. ఒక ఫిలిప్పీన్స్ అక్క వాళ్ళ గదిలో నేలమీద పడుకోనిచ్చింది, అది కూడా రూల్‌కి విరుద్ధమే, ఆమె ఉద్యోగం కూడా పోయేది. కారులో పడుకుందాం అనుకునేవాళ్ళకి: క్యాంప్‌గ్రౌండ్ కాని చోట రాత్రి బండిలో నిద్రపోతే ఫైన్ వేస్తారు, తెల్లవారుజామున టార్చ్ వేసి మరీ అద్దం కొడతారు. ఇంకో ఉద్యోగం, ఇంకో గది రెండూ ఖాయమయ్యాకే రాజీనామా మాట ఎత్తండి.

స్టాఫ్ రూమ్ ఎలా ఉంటుంది? పెళ్ళయినవాళ్ళకి విడిగా ఇస్తారా?

కాలేజీ హాస్టల్ గుర్తుందా, అదే, ఇంకొంచెం వెచ్చగా. గదికి ఇద్దరు, కొన్నిచోట్ల నలుగురు, బాత్రూమ్ కొన్నిచోట్ల ఉమ్మడి. భార్యాభర్తలిద్దరూ ఒకే చోట పనిచేస్తే కపుల్ రూమ్ ఇచ్చే హోటళ్ళు ఉన్నాయి, దానికి క్యూ ఉంటుంది కాబట్టి ఆఫర్ దశలోనే అడగాలి. పక్కగదిలో పంతొమ్మిదేళ్ళ పిల్లలు రాత్రి రెండింటికి పాటలు పెడతారు. చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ డాలర్ షాపులో దొరుకుతాయి.

మన వంట చేసుకోవచ్చా? తాలింపు పెడితే ఏమంటారు?

కిచెన్ ఉంటే చేసుకోవచ్చు, లేని చోట స్టాఫ్ కెఫెటేరియా తిండే గతి. ఇంగువ వాసన గురించి మొదట్లో భయపడ్డాను, నిజానికి దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు, మా అసలు శత్రువు స్మోక్ అలారం. జనవరిలో ఒక ఆదివారం పులిహోరకి ఎండుమిర్చి వేసిన అరనిమిషానికి బిల్డింగ్ మొత్తం మోగిపోయింది. బయట మైనస్ 26. డెబ్బై మంది, కొందరు తడి జుట్టుతో, ఒకడు టవల్ మీద జాకెట్ వేసుకుని, మంచులో నిలబడ్డారు. ఫైరింజన్ వచ్చింది. ఫైర్‌మాన్ లోపలికెళ్ళి, ఒక్కసారి దగ్గి, బాణలి పట్టుకుని బయటికి వచ్చాడు, అందరూ ఆ బాణలి వైపు, తర్వాత నా వైపు చూశారు. అప్పటి నుంచి నేను తాలింపు గింజలు సన్నని సెగమీద, చిమ్నీ ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, కిటికీ తెరిచి, మూత అడ్డం పెట్టి వేయిస్తాను. మిరపకాయలు మాత్రం మైక్రోవేవ్‌లో అసలు పెట్టకండి, అది ఇంకా ఘోరం. కిటికీ తెరిస్తే మాత్రం వంట అవగానే మూసేయండి, పప్పు వాసనకి పిలవని అతిథులు వచ్చే ఊరు ఇది.

సోనామసూరి, కందిపప్పు, గోంగూర దొరుకుతాయా?

బాన్ఫ్‌లో బాస్మతి, మసాలా పొడులు, ఎర్ర కందిపప్పు వరకు దొరుకుతాయి, రెట్టింపు ధరకి. మిగతాదంతా కాల్గరీ ఈశాన్యం వైపున్న ఇండియన్ షాపుల్లో. నెలకోసారి ఎవరి కారులోనైనా నలుగురు కలిసి వెళ్ళి తెచ్చుకోవడమే. గోంగూర పచ్చడి సీసాలో దొరుకుతుంది, ఆకు మీద ఆశ పెట్టుకోకండి.

## పని, డబ్బు, ఆరోగ్యం

హౌస్‌కీపింగ్ అంటే నిజంగా ఎంత కష్టం?

మొదటి నెల ఏడుస్తారు. పదకొండింటికి గెస్ట్‌లు ఖాళీ చేస్తారు, నాలుగింటికి కొత్తవాళ్ళు వస్తారు, ఆ మధ్యలో డజను గదులు దాటి చేయాలి. పరుపు లేపి మూల మడత పెట్టడం, బరువైన డూవే దుప్పటికి గలీబు తొడగడం, టబ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వెంట్రుకలు ఏరడం. మణికట్టు, నడుం ముందు పోతాయి. పరుపుని వేళ్ళతో లాగకుండా మోకాలు ఆనించి ఎత్తమని నాకు నేర్పింది ఒక పంజాబీ ఆంటీ, ఆవిడది ఇరవయ్యేళ్ళ సర్వీసు. మన ఇళ్ళల్లో బీటెక్ చదివి బాత్రూమ్‌లు కడుగుతున్నాడా అంటారు, అందుకే చాలామంది ఇంట్లో ఫ్రంట్ డెస్క్ అని చెప్పుకుంటారు. నేనూ చెప్పాను.

జీతం ఎంత? నెలకి ఎంత మిగులుతుంది?

అల్బర్టా కనీస వేతనం 2018 అక్టోబర్ నుంచి గంటకి 15 డాలర్లు, బాన్ఫ్ హోటళ్ళు మనుషులు దొరక్క దానికంటే ఎక్కువే ఇస్తాయి. రోజుకి 8 గంటలు లేదా వారానికి 44 దాటితే ఒకటిన్నర రెట్లు. వెకేషన్ పే కనీసం 4 శాతం. రాష్ట్ర సేల్స్ టాక్స్ లేదు, 5 శాతం జీఎస్‌టీ మాత్రమే, ఒంటారియో నుంచి వచ్చినవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. ఎంత మిగులుతుందన్నది జీతం కంటే మీ శుక్రవారం సాయంత్రాల మీద ఎక్కువ ఆధారపడుతుంది, ఈ ఊళ్ళో ప్రతి వీధిలో బార్ ఉంది. రెస్టారెంట్‌లో సర్వర్‌గా దూరగలిగితే టిప్పులే జీతాన్ని దాటేసే నెలలు ఉంటాయి.

పనిలో నడుం పట్టేసింది. చెబితే ఉద్యోగం పోతుందా?

చెప్పకపోతేనే నష్టం. పనిలో దెబ్బ తగిలితే డబ్ల్యూసీబీ అనే ప్రభుత్వ బీమా చూసుకుంటుంది, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది. ఆ రోజే సూపర్‌వైజర్‌కి చెప్పండి, డాక్టర్‌కి పనిలో అయిందని చెప్పండి. తెలిసిన 72 గంటల్లో యజమాని రిపోర్ట్ చేయాలి. ఇంట్లో జారిపడ్డానని చెప్పమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

హెల్త్ కార్డ్ వస్తుందా?

ఏడాది, ఆ పైన వర్క్ పర్మిట్ ఉంటే అల్బర్టా హెల్త్ కేర్‌కి అప్లై చేసుకోవచ్చు, నెలనెలా కట్టేదేమీ లేదు. విదేశం నుంచి నేరుగా వస్తే త్వరగా మొదలవుతుంది, వేరే రాష్ట్రం నుంచి మారితే మూడో నెల మొదటి తారీఖు నుంచి. పళ్ళు, కళ్ళజోడు, అంబులెన్స్ ఇందులో రావు. స్కీయింగ్ నేర్చుకుంటూ కాలు విరిగితే మొదట వచ్చేది అంబులెన్స్ బిల్లే.

క్లోజ్డ్ పర్మిట్ మీద ఉన్నాను. మేనేజర్ పాస్‌పోర్ట్ ఉంచుకున్నాడు, ఓవర్‌టైం ఇవ్వడు. ఏం చేయాలి?

పాస్‌పోర్ట్ ఎవరూ ఉంచుకోకూడదు, ముందు అది అడిగి తీసుకోండి. ఒకే యజమానికి కట్టేసిన పర్మిట్ మీద ఉండి వేధింపు ఎదుర్కొంటున్నవాళ్ళకి వేరే చోట పనిచేసుకునేలా ఓపెన్ వర్క్ పర్మిట్ ఇచ్చే పద్ధతి 2019 నుంచి ఉంది, ఫీజు లేదు. షిఫ్ట్ షెడ్యూల్ ఫొటోలు, పే స్లిప్పులు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. హోటల్ వైఫైలో, హోటల్ ఈమెయిల్‌లో ఈ పనులు పెట్టుకోకండి.

## ఎలుగులు, ఎల్క్‌లు, చెత్త

ఎలుగుబంట్లు నిజంగా ఊళ్ళోకి వస్తాయా?

వస్తాయి. గ్రిజ్లీలు, నల్ల ఎలుగులు రెండూ. నైట్ షిఫ్ట్ అయ్యాక ఫోన్ చూస్తూ, చెవుల్లో పాటలు పెట్టుకుని నడవకండి. ట్రైల్ మీద గట్టిగా మాట్లాడుతూ, పొదల మలుపుల్లో చప్పట్లు కొడుతూ వెళ్ళండి, మనుషులున్నారని తెలిస్తే చాలావరకు అదే తప్పుకుంటుంది. ఎదురైతే పరుగెత్తొద్దు, వీపు చూపించొద్దు, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి జరగండి. లార్చ్ వ్యాలీ లాంటి చోట్ల కొన్ని నెలలు నలుగురు కలిసి దగ్గరగా నడిస్తేనే అనుమతి, అది సలహా కాదు, రూల్.

బేర్ స్ప్రే ఒంటికి రాసుకోవాలా?

నవ్వకండి, నిజంగా అడిగారు, దోమల మందు అనుకుని. అది ఘాటైన మిరప స్ప్రే, ఎలుగు మీదపడేంత దగ్గరికి వచ్చినప్పుడు దాని మొహం ముందు కొట్టాలి. బ్యాగ్‌లో అడుగున పెడితే లాభం లేదు, నడుముకి తగిలించుకోవాలి. గదిలో క్లిప్ తీసి పరీక్షించకండి. విమానంలో చెక్-ఇన్ లగేజీలో కూడా అనుమతి లేదు.

ఎల్క్ దగ్గరికి వెళ్ళి ఫొటో తీసుకోవచ్చా? జింకే కదా?

జింకే, కానీ గుర్రమంత ఉంటుంది. మే ఆఖరు, జూన్‌లో పిల్లతల్లులు, సెప్టెంబర్‌లో మగవి మనుషుల మీదికి వస్తాయి. 30 మీటర్ల దూరం ఉండాలి, ఎలుగులు తోడేళ్ళకైతే 100. దగ్గరికి వెళ్ళి ఇబ్బంది పెట్టినా, తిండి పెట్టినా ఫైన్ 25,000 డాలర్ల దాకా పోవచ్చు. ఒకరోజు మా స్టాఫ్ హౌస్ మెట్ల ముందు మగ ఎల్క్ ఒకటి పడుకుంది, నలభై నిమిషాలు లేవలేదు. ఫోన్ చేస్తే మేనేజర్ "ఎల్క్ వల్ల లేటు" అని రాసుకున్నాడు, ఇక్కడ అది మామూలు కారణమే.

చెత్తడబ్బా మూత రావట్లేదు, తాళం వేశారా?

లేదు. మూత పిడి కింద ఒక సందు ఉంటుంది, అరచేయి పైకి పెట్టి వేళ్ళు లోపలికి దూరిస్తే ఒక లీవర్ తగులుతుంది, దాన్ని నొక్కుతూ లాగాలి. ఎలుగు పంజా ఆ సందులో పట్టదు. ఇంటింటికీ చెత్తబండి రాదు, వీధి చివర డబ్బాలోనే వేయాలి. మిగిలిన అన్నం పక్షులకని బయట పెట్టే మన అలవాటు మాత్రం మానుకోండి. మనిషి తిండి మరిగిన ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది.

## చలికాలం, ఆ తర్వాత

మైనస్ 30 తట్టుకోగలమా?

చలిని తట్టుకుంటారు, చీకటిని తట్టుకోవడమే కష్టం. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు వాలిపోతుంది, లాండ్రీలో పనిచేసేవాళ్ళు రోజుల తరబడి ఎండ చూడరు. బ్రేక్‌లో పదిహేను నిమిషాలైనా బయటికి రండి. అప్పుడప్పుడు చినూక్ అనే వెచ్చటి గాలి వచ్చి ఒక్కరోజులో మంచు కరిగించేస్తుంది, మర్నాడు ఆ నీళ్ళు గాజులా గడ్డకడతాయి. ఎక్కువమంది జారిపడేది అప్పుడే.

కారు కొనాలా?

ఊళ్ళో అక్కర్లేదు. రోమ్ అనే ఇక్కడి సిటీ బస్సులు కాన్‌మోర్‌కీ లేక్ లూయిస్‌కీ వెళ్తాయి. మొరెయిన్ లేక్‌కి 2023 నుంచి సొంత కార్లను రానివ్వడం లేదు కూడా.

ఇక్కడి పని పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి పనికొస్తుందా?

అది మీ ఉద్యోగం పేరుని బట్టి. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అనే పీఆర్ దారికి, ప్రభుత్వం ఉద్యోగాలకి ఇచ్చే టీయర్ అనే స్థాయిల్లో 0 నుంచి 3 వరకు ఉన్న పని ఏడాది కావాలి. కుక్, ఫుడ్ సర్వీస్ సూపర్‌వైజర్ అందులో వస్తాయి. రూమ్ అటెండెంట్, ఫ్రంట్ డెస్క్ రావు. మూడేళ్ళ పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్‌లో రెండున్నరేళ్ళు గదులు తుడిచి, తర్వాత ఈ సంగతి తెలిసి తలపట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు, ఆ పర్మిట్ మళ్ళీ రాదు. ఇంకో దారి 2024 మార్చిలో అల్బర్టా పెట్టిన టూరిజం, హాస్పిటాలిటీ స్ట్రీమ్. గుర్తింపు ఉన్న యజమాని దగ్గర ఆరు నెలల ఫుల్ టైం పని అడుగుతుంది, సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. 2025 మార్చి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పీఆర్ పాయింట్ల పద్ధతిలో జాబ్ ఆఫర్‌కి పాయింట్లు లేవు కాబట్టి, పాయింట్ల కోసం ఎల్‌ఎంఐఏ కొనమనే మాటలు నమ్మకండి.

అడవి మంటలు వస్తే మన పరిస్థితి ఏంటి?

2024 జూలైలో పక్కనున్న జాస్పర్ పార్కులో రాత్రికి రాత్రి పాతికవేల మందిని ఖాళీ చేయించారు, ఊళ్ళో మూడోవంతు కట్టడాలు కాలిపోయాయి. అక్కడి స్టాఫ్‌కి ఉద్యోగం, గది రెండూ ఒకే రోజు పోయాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పాస్‌పోర్ట్, పర్మిట్, సిన్ (సోషల్ ఇన్సూరెన్స్ నంబర్) కాగితం, మందులు, చార్జర్ ఒక బ్యాగ్‌లో తలుపు పక్కన పెట్టుకోండి. పర్మిట్ కాపీ మెయిల్లో ఉంచుకోండి.

అమ్మానాన్నల్ని తీసుకురావాలని ఉంది. ఎప్పుడు మంచిది?

స్టాఫ్ రూమ్‌లో సాధారణంగా ఉండనివ్వరు, చాలా హోటళ్ళలో ఉద్యోగులకి డిస్కౌంట్ రేటు ఉంటుంది, నెలల ముందే బుక్ చేయాలి. వేసవి అంటే మనకి ఏప్రిల్, మే కదా అని టికెట్లు తీస్తారు, నేనూ అదే చేశాను. మే 15న లేక్ లూయిస్ ఒడ్డున మా అమ్మ మంకీ క్యాప్ మీద శాలువా కప్పుకుని, ఎదురుగా ఉన్న తెల్లటి మంచుపలకని కాసేపు చూసి, "ఏదిరా ఆ నీలం చెరువు?" అంది. మంచు పూర్తిగా కరిగేది జూన్ మొదటి వారానికి. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ ఆఖరు లోపు రప్పించండి.